మేస్త్రి జవాబు: పెచ్చులూడిన షవర్ గోడకు మళ్లీ టైల్స్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి మూలం ఒక్కటే. షవర్ గోడకు టైల్స్ ఊడాయి, కొత్తవి ఎప్పుడు అతికించుకోవచ్చు అని. 30 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ఊడిన టైలు చేతికిస్తే నేను ముందు చూసేది దాని వీపు. అక్కడ ఏం అంటుకుని ఉందో, ఏం అంటుకోలేదో చూస్తే గోడ సంగతి సగం తెలిసిపోతుంది. అందుకే ఈసారి టైలు రంగులూ కొలతలూ పక్కన పెట్టి గోడ గురించే రాస్తున్నాను.

ప్రశ్న: మేస్త్రి గారూ, మా షవర్‌లో కుళాయి చుట్టూ నాలుగు టైల్స్ కదులుతుంటే నేనే ఉలితో తీశాను. వాటితోపాటు వెనక ప్లాస్టరింగ్ కూడా పెళ్లలుగా వచ్చేసింది. ఒకచోట ఇటుక కనిపిస్తోంది. మిగతాచోట వేలితో గీకితే తడి ఇసుకలా రాలుతోంది. ఆ గుంటలను పుట్టీతో నింపి, అవే టైల్స్ మళ్లీ అతికించుకోవచ్చా?

వద్దమ్మా. పుట్టీ డబ్బా మూత తీయకండి. ఎందుకు వద్దంటున్నానో నాకు జరిగిందే చెబుతాను.

పనిలో చేరిన రెండో ఏడు ఒక ఇంట్లో ఇలాగే గుంటలు పడిన షవర్ గోడ ఇచ్చారు. ప్లాస్టరింగ్ చేస్తే ఆరేదాకా ఆగాలి. ఇంటివాళ్లకు తొందర, నాకూ తొందర. పుట్టీతో నింపి, నున్నగా తీసి, మర్నాడే టైల్స్ అతికించాను. చూడ్డానికి ఎంతో బాగుంది. ఎనిమిది నెలలకు ఒక రాత్రి పన్నెండు టైల్స్ ఒక్క పలకలా ఊడి కిందపడ్డాయి. ఆ సమయంలో షవర్‌లో ఎవరూ లేరు. పొద్దున్నే వెళ్లి ఒక్కో టైలూ తిప్పి చూశాను. ప్రతి టైలు వీపునా పుట్టీ తెల్లగా, పొర చెదరకుండా అంటుకుని ఉంది. గమ్ము టైలును వదల్లేదు. పుట్టీయే గోడను వదిలేసింది. ఆ ఇంటి షవర్ మొత్తం నా ఖర్చుతో మళ్లీ కట్టాను. ఆ రోజు నుంచి తడి గోడ మీద పుట్టీ పెట్టలేదు. అది రంగు కింద నునుపు కోసం చేసిన సరుకు. టైలు బరువు మోయడానికి కాదు, నీళ్లలో ఉండడానికి అంతకన్నా కాదు.

ఇక మీ గోడ సంగతి. ముందు ఆ నీళ్లు ఎక్కడివో పట్టుకోవాలి. ఇది తేలకుండా గోడ మూస్తే ఎంత మంచి సిమెంటు వేసినా మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. నేను మూడు రకాలుగా చూస్తాను.

ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, నీటి మీటరు అంకె రాసుకుని రెండు గంటల తర్వాత చూడండి. ఆ రెండు గంటలూ ఫ్లష్ ట్యాంకు కూడా ఎవరూ వాడకూడదు. అంకె కదిలితే ఎప్పుడూ నీటి ఒత్తిడిలో ఉండే పైపు ఎక్కడో కారుతోంది. కదలకపోతే పైపులన్నీ బాగున్నాయని అనుకోకండి. కుళాయి నుంచి షవర్ తల దాకా గోడలోపల పైకి వెళ్లే పైపు ఒకటుంది. అందులోకి షవర్ తిప్పినప్పుడే నీళ్లు వస్తాయి, అందుకే మీటరు దాన్ని పట్టించదు. షవర్ తల విప్పి, ఆ మూతికి బిరడా బిగించి, కుళాయి తిప్పి, టైల్స్ తీసిన చోట లైటు వేసి పది నిమిషాలు చూడండి. పైపు మలుపు తిరిగే చోట ఉండే మోచేయి (ఎల్బో) దగ్గర చుక్క మెరిస్తే అదే దొంగ. ఇలాంటి ఇళ్లలో నేను చూసిన లీకులు ఎక్కువగా ఆ మోచేయి దగ్గరే.

ఈ రెండూ పొడిగా ఉంటే నీళ్లు ముందు నుంచే వెళ్తున్నాయన్నమాట: మూలల్లోంచి, కుళాయి వెనక గుండ్రటి మూత చుట్టూ, టైల్స్ సందుల్లోంచి. ఇక్కడ చాలామందికి ఒక నమ్మకం ఉంది, టైలూ, టైల్స్ సందుల్లో నింపే గ్రౌటూ కలిసి నీటిని ఆపుతాయని. సిమెంటు గ్రౌటు నీటిని పీలుస్తుంది, కొద్దికొద్దిగా వెనక్కి పంపుతుంది. కొత్తగా ఉన్నప్పుడూ అంతే. నీటిని ఆపాల్సింది టైలు వెనక ఉండే పొర. మీ గోడకు ఆ పొర ఉండి ఉండదు.

తర్వాత, నాలుగు టైల్సే పోయాయా? స్క్రూడ్రైవర్ పిడితో షవర్ గోడంతా తడుతూ పోండి. గట్టిగా ఉన్న టైలు కంగుమంటుంది, వదిలేసినది డొల్లగా మోగుతుంది. డొల్ల మోగిన ప్రతి టైలు మీదా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. కింది రెండు వరసలూ, మూలలూ వదలకండి, నీళ్లు చివరికి చేరేది అక్కడికే. నా పద్ధతి చెప్పమంటే, డొల్ల మచ్చలు కుళాయి చుట్టూ ఆగిపోకుండా రెండో గోడకు కూడా పాకి ఉంటే నేను షవర్ తడి పడే మేరంతా టైల్స్ తీసేస్తాను. ఖర్చు పెంచడానికి కాదు. నీటిని ఆపే పొర ముక్కలు ముక్కలుగా వేస్తే పనిచేయదు. నాలుగు టైల్స్ మేర మాత్రం పూసి చుట్టూ పాత గోడ వదిలేస్తే, నీళ్లు పక్క నుంచి ఆ ముక్క వెనక్కి చేరతాయి.

చెక్కే ముందు మెయిన్ వాల్వు కట్టేయండి, ఆ గోడకు వెళ్లే కరెంటు కూడా ఆపండి. నీళ్లు పోయే జాలీకి గుడ్డ కుక్కండి, లేకపోతే రేపు ఆ పైపులోంచి పెంకులు తీసుకోవాలి. ముక్కుకు మాత్రం మామూలు గుడ్డ చాలదు. సిమెంటు, ఇసుక, టైలు దుమ్ములో కంటికి కనిపించని సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి చేరితే తిరిగి రాదు. క్యాన్సర్ కారకాల జాబితాలో కూడా దానికి 1997లోనే మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని తేలిన వాటిలో, చోటిచ్చారు. ఎన్95 లాంటి, ముఖానికి బిగుతుగా పట్టే మాస్కు పెట్టుకోండి, నీళ్లు చిలకరిస్తూ చెక్కండి. నాతో పనిచేసిన పెద్ద మేస్త్రి ఒకాయన ఈ దుమ్ముతోనే ఊపిరి పోగొట్టుకున్నాడు. అందుకే ఈ మాట ప్రతి నెలా రాయాల్సి వచ్చినా రాస్తాను. గోడలోనో పాత గమ్ములోనో ఆస్‌బెస్టాస్ ఉండే కాలంనాటి ఇల్లైతే పరీక్ష చేయించకుండా ఉలి ఎత్తకండి.

ఎంతవరకు చెక్కాలి? రాలడం ఆగేదాకా. మేకు తీసుకుని గోడ మీద గట్టిగా ఇంటూ గుర్తు గీయండి. తెల్లటి గీత మాత్రమే పడితే ఆ ప్లాస్టరింగ్ ఉంచవచ్చు. మేకు దిగబడి పొడి రాలితే అది పోవాల్సిందే. అంచులు ఏటవాలుగా పలచబడేలా వదలకండి, నిటారుగా కోసినట్టు రావాలి. పలచటి అంచు దగ్గరే కొత్త పూత ముందుగా లేస్తుంది.

ఆ తర్వాత ఆరనివ్వడం. ఎన్ని రోజులని నన్నడగకండి, గోడనడగండి. జానెడు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా గట్టిగా టేపు వేసి అంటించి ఒక రోజు వదిలేయండి. గోడ వైపు చెమ్మ పడితే లోపల ఇంకా తడి ఉంది. గది వైపు మాత్రమే చెమర్చితే అది గదిలోని ఆవిరి. ఆరేటప్పుడు గోడ మీద తెల్లటి ఉప్పు పూస్తే నీళ్లతో కడగకండి, కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో రుద్ది, ఊడ్చి తీసేయండి. మళ్లీ మళ్లీ పూస్తుంటే నీళ్ల దారి ఇంకా మూసుకోలేదు, మొదటికి రండి.

ఇప్పుడు ప్లాస్టరింగ్. దుమ్ము పోయేలా బ్రష్షు కొట్టి, ఇటుకను తడపండి. పైన నీటి పొర మెరవకూడదు, లోపల మాత్రం తడిగా ఉండాలి. ఎండు ఇటుక కొత్త సిమెంటులోని నీటిని లాగేసి పూతను బలహీనం చేస్తుంది. పలచగా సిమెంటు పాలు పూసి, అది ఆరకముందే 1:4 సిమెంటు, జల్లెడ పట్టిన ఇసుకతో పూత ఎక్కించండి. ఒక్కసారికి 12 నుంచి 15 మిల్లీమీటర్ల మందం దాటవద్దు. గుంట లోతుగా ఉంటే మొదటి పూత మీద తాపీ మొనతో అడ్డంగా గీతలు గీసి, గట్టిపడ్డాక రెండోది వేయండి. చివరి పూతను ఇనుప తాపీతో అద్దంలా రుద్దకండి. చెక్క పలకతో రుద్ది గరుకుగా వదలండి. నునుపు మీద గమ్ముకు పట్టు ఉండదు. ఏడు రోజులు తడుపుతూ ఉండండి, తర్వాత ఆరనివ్వండి. కొత్త ప్లాస్టరింగ్ ఆరే కొద్దీ కుంచించుకుంటుంది. ఆ కుంచింపు చాలావరకు అయిపోయాక టైలు వేస్తే మంచిది. వీలుంటే 28 రోజులు ఆగమంటాను. అంత వీలు లేకపోతే తొందరగా ఆరేలా ప్రత్యేకంగా చేసిన రిపేరు మిశ్రమాలు దొరుకుతాయి, సంచి మీద రాసిన గడువు పాటించండి.

పాత టైల్స్ మళ్లీ వాడుకోవచ్చు, వెనక అంటుకున్నదంతా చెక్కి శుభ్రం చేసే ఓపిక ఉంటే.

ప్రశ్న: మాది ఇటుక గోడ కాదు, చెక్క ఫ్రేము మీద జిప్సం బోర్డు. షవర్ కింది భాగంలో టైల్స్ వెనక బోర్డు ఉబ్బి మెత్తబడింది, నల్ల బూజు కూడా ఉంది. బ్లీచింగు ద్రావణం కొట్టి, ఆరాక దాని మీదే టైల్స్ వేయవచ్చా? ఇది తేమకు ఆగే రకం బోర్డు అని అప్పట్లో చెప్పారు.

అయ్యా, తేమకు ఆగడం వేరు, రోజూ షవర్ నీళ్లకు ఆగడం వేరు. ఆ బోర్డు నడుమ జిప్సం, ముందూ వెనకా కాగితం. జిప్సం నీటికి మెత్తబడుతుంది, కాగితం బూజుకు మేత. బ్లీచింగు పైనున్న నలుపును తెల్లబరుస్తుందే కానీ కాగితం లోపలికి దిగిన బూజును తీసేయదు. ఉబ్బిన బోర్డు ఆరాక గట్టిగా అనిపించినా పాత బలం తిరిగి రాదు. కోసి తీసేయడమొక్కటే దారి.

ఇంకో మాట, బ్లీచింగు ఎత్తారు కాబట్టి. టైల్స్ మీద మరకలు పోగొట్టే ఆసిడ్ ద్రావణం, బ్లీచింగు ఎన్నడూ ఒకదాని మీద ఒకటి వాడకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణం తీయగలదు.

బోర్డును మెత్తబడిన చోట ఆపకుండా తడి తగిలే మేరంతా తీయండి. అప్పుడు ఫ్రేము కనిపిస్తుంది. ప్రతి చెక్కనూ, ముఖ్యంగా నేలకు ఆనించిన అడుగు చెక్కను, స్క్రూడ్రైవరుతో పొడవండి. మొన ఆగితే ఆరబెట్టి ఉంచుకోవచ్చు. వెన్నలో దిగినట్టు దిగితే మార్చాల్సిందే, లేదా పక్కన కొత్త చెక్క జోడించాలి. చెక్క ఆరేదాకా ఏ బోర్డూ బిగించవద్దు. తడి చెక్కను మూసిపెడితే కుళ్లు మీ చేతులారా పెంచినట్టే.

కొత్తగా సిమెంటు బోర్డు వేయండి. నీళ్లలో నానినా అది ఉబ్బదు, మెత్తబడదు. అయితే నీళ్లు దానిలోంచి దాటి వెళ్తాయి, ఈ తేడా మరిచిపోకండి. తుప్పు పట్టని స్క్రూలు వాడండి, ఒక్కో దానికీ మధ్య దూరం 20 సెంటీమీటర్లు దాటకూడదు. బోర్డు అడుగు షవర్ ట్రేకు ఆనకుండా 3 నుంచి 6 మిల్లీమీటర్ల సందు వదలండి. ఆనిస్తే దీపంలో వత్తి నూనె పీల్చినట్టు అది నీటిని పైకి లాగుతుంది. బోర్డుల అతుకుల మీద వేసే జాలీ టేపు సిమెంటు క్షారానికి తట్టుకునే రకమే కావాలి. మామూలు ఫైబర్ టేపును ఆ క్షారం కాలక్రమంలో తినేస్తుంది, అతుకు వెంబడి గ్రౌటు నెర్రెలిచ్చాక గానీ మీకు తెలియదు.

మీలాగే ఇంకొకరు ఇటుక గోడ మీద జిప్సం ప్లాస్టరింగ్ ఉంది, దాని మీద సిమెంటు గమ్ముతో టైలు వేయవచ్చా అని రాశారు. షవర్‌లో వద్దు. జిప్సం అంటే కాల్షియం సల్ఫేటు. తడి ఉన్నచోట అది సిమెంటులోని అల్యూమినేట్లతో కలిసి ఎట్రింజైట్ అనే స్ఫటికాలు కడుతుంది. అవి పెరుగుతూ గమ్మును గోడ నుంచి బయటికి తోస్తాయి. ప్రైమరు కొట్టి పొడిగదిలో గట్టెక్కవచ్చు గానీ, రోజూ నానే గోడకు అది చెక్కేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేసుకోవడమే మేలు.

ప్రశ్న: పాత టైల్స్ తీయకుండా వాటి మీదే కొత్తవి వేస్తామంటున్నాడు మా మేస్త్రి. రెండు మూడు డొల్లగా ఉన్నాయి. ఫర్వాలేదా?

పాత టైల్స్ అన్నీ గట్టిగా ఉన్న పొడి గోడకైతే ఆ పని చేయవచ్చు. మీ షవర్‌కు వద్దు. డొల్ల టైల్స్ ఉన్నాయంటే వెనక ఏదో వదిలేసింది. కొత్త టైలు బరువు కూడా ఆ వదిలేసిన దాని మీదే పడుతుంది. మేస్త్రి గారికి ఈ మాట నా మాటగా చెప్పండి, ఆయనా ఒప్పుకుంటారు.

ప్రశ్న: గోడ బాగుచేయించాం. ఇప్పుడు వాటర్‌ప్రూఫింగ్ పూత వేయాలంటున్నారు. నేలకు చాలదా? గోడకు కూడా అవసరమా? ఎలా వేయించాలి?

నేల మీద నీళ్లు నిలుస్తాయి కాబట్టి అందరికీ నేల గుర్తొస్తుంది. కానీ షవర్ ధార ముందు తగిలేది గోడకే. షవర్ తల ఎత్తు దాటి ఒక జానెడు పైదాకా పూయించండి.

పూసే ముందు గోడ మీద నాలుగైదు చోట్ల నీటి చుక్క వేయండి. ఇంకిపోతే సరే. ముత్యంలా నిలబడితే అక్కడ సబ్బు జిడ్డో, పాత రంగో, నూనో ఉంది. గీకి, కడిగి, ఆరనిచ్చి మళ్లీ చూడండి. పాత గమ్ము గీతలు మిగిలి ఉంటే అరగదీయించండి. వాటి లోయల్లో పూత మందంగా, శిఖరాల మీద పలచగా నిలుస్తుంది. చిల్లు పడేది ఆ శిఖరాల దగ్గరే.

గోడా గోడా కలిసే మూల, గోడా నేలా కలిసే మూల, పైపులు బయటికొచ్చే చోట్లు: నీళ్లు దారి వెతికేది వీటిలోనే. కాబట్టి ముందు వీటికి పూత రాసి, తడిగా ఉండగానే గుడ్డ టేపు అద్ది, మీద మళ్లీ రాయాలి. ఆ తర్వాత గోడంతా రెండు పూతలు. మొదటిది అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా. రెండు పూతలకు రెండు రంగులు దొరికితే అవే అడగండి. ఎక్కడ వదిలేశారో మీకే కనిపిస్తుంది. ఆరాక గోడ మీద టార్చి పక్కగా వేసి చూడండి, సూది మొనంత రంధ్రాలు కూడా నీడ పడి తెలుస్తాయి. గోడ పూత కిందికి దిగి నేల పూత మీదికి కనీసం పది సెంటీమీటర్లు రావాలి. సబ్బులు పెట్టుకునే గూడు ఉంటే దాని అడుగు షవర్ వైపు కొద్దిగా వాలుగా ఉండాలి. నేను విప్పిన పాత గూళ్లలో చాలావాటికి ఆ వాలు లేదు. నీళ్లు నిలిచి మొదట కుళ్లింది ఆ గూడు వెనక గోడే.

నేలకు నీళ్లు కట్టి 24 గంటలు నిలబెట్టి చూడమనండి. ఈ పరీక్ష టైల్స్ వేశాక కాదు, పూత పూర్తిగా ఆరాక, టైల్స్‌కు ముందు. ఇంకొకటి, బోర్డు వెనక పాలిథిన్ షీటు వేసి ముందు కూడా పూత పూస్తే రెండింతల రక్షణ అనుకుంటారు. బోర్డులో ఇరుక్కున్న తడికి అటూ ఇటూ దారి ఉండదు. ఏదో ఒకటే ఉంచండి. నాకైతే ముందు పూతే నచ్చుతుంది, గోడ అసలు తడవదు.

ప్రశ్న: మా గోడ మధ్యలో లోపలికి వంగింది. ప్లాస్టరింగ్ మళ్లీ ఎందుకు, టైలు వెనక గమ్ము మందంగా పెట్టి మట్టం తెస్తానంటున్నారు. పెద్ద టైల్స్ తీసుకున్నాం.

గమ్ము అతికించడానికి, మట్టం తేవడానికి కాదు. సంచి మీద రాసిన మందం దాటితే అది ఆరుతూ కుంచించుకుని టైలును లాగుతుంది. రెండు మీటర్ల అల్యూమినియం పట్టీని గోడకు నిలువుగా, అడ్డంగా, ఐమూలగా ఆనించి సందు కొలవండి. 38 సెంటీమీటర్లు దాటిన టైల్స్‌కు 3 మీటర్ల పొడవులో 3 మిల్లీమీటర్ల తేడా దాకానే సరిపెట్టుకోవచ్చు. చిన్న టైల్స్‌కు 6 దాకా ఫర్వాలేదు. ఎత్తుపల్లాలు ఇప్పుడే, వాటర్‌ప్రూఫింగ్‌కు ముందే సరిచేయించండి.

గమ్ము విషయం కూడా చెబుతాను. పాతకాలపు టైలు నీళ్లు పీల్చేది, అందుకే ఉత్త సిమెంటు పాలతో నిలబడేది. ఇప్పటి పోర్సిలెయిన్ టైలు తన బరువులో అర శాతం నీళ్లు కూడా పీల్చదు, ఉత్త సిమెంటు దాన్ని పట్టుకోలేదు. సంచి మీద సి2 అని ఉందేమో చూడండి. చదరపు మిల్లీమీటరుకు కనీసం 1 న్యూటన్ పట్టు ఉన్న సిమెంటు గమ్ముకు ఇచ్చే గుర్తు అది. సి1కు అందులో సగమే. పక్కన టి అని ఉంటే నిలువు గోడ మీద టైలు జారదు. డి అని ఉన్నవి డబ్బాలో కలిపి వచ్చే పేస్టులు. పెద్ద పోర్సిలెయిన్ టైలు వెనక అవి ఆరడానికే గాలి అందదు, షవర్‌లో నేను వాడను.

టైలు వీపున ఐదు ముద్దలు పెట్టి నొక్కేసే పద్ధతికి మాత్రం ఒప్పుకోకండి. ముద్దల మధ్య బోలులో నీళ్లు చేరి నిలుస్తాయి. పళ్ల తాపీతో గోడ మీద ఒకే దిక్కుగా గీతలు తీసి, టైలు వీపునా పలచగా రాసి, ఆ గీతలకు అడ్డంగా కదుపుతూ నొక్కాలి. మూలల్లో గ్రౌటు వద్దు, సిలికాన్ పెట్టించండి, రెండు గోడలు కదిలే చోటు అది. మొదటి టైలు అతికించిన వెంటనే ఊడదీయమని అడగండి. వీపు తిప్పి చూడండి. షవర్‌లో నూటికి 95 వంతులు గమ్ము అంటుకుని ఉండాలి, మూలలతో సహా. ఖాళీ కనిపిస్తే పెద్ద పళ్ల తాపీ తెప్పించి, గోడ మీది గమ్ము గీకేసి, ఆ టైలునే మళ్లీ పెట్టమనండి.